స్పీకర్ గట్టిగా ఉండాలి

జూన్ 4

ఒరేయ్ చిన్నోడా,

ఉత్తరం చూసి కంగారుపడకు. ఇంట్లో అందరం బాగానే ఉన్నాం. ఫోన్ చేస్తే తేలిపోయేదానికి ఈ కాగితమూ కలమూ ఏమిటనుకుంటావు. మా ఫోన్ సంగతి సరిగ్గా లేదురా. మాట్లాడితే అవతలివాళ్లకి వినపడటం లేదు. అందుకని రాస్తున్నాను. నువ్వూ ఫోన్ చేయకు, ఉత్తరమే రాయి.

అసలు విషయానికొస్తాను. నాకొక ల్యాప్‌టాప్ కావాలి. నవ్వకు. రోజూ వాడుకోవడానికే, గొప్పలకి కాదు. కాలేజీలో కంప్యూటర్ల గది మొత్తం నీ చేతిమీదుగా నడుస్తుంది కదా, నీకంటే బాగా చెప్పేవాళ్లు నాకెవరున్నారు? మా రెండు జీతాలూ కలిపి పెట్టినా పెద్దది కొనలేం. చవకలో మంచిది చెప్పు.

నాకు కావలసినవి ఇవి. సంచీలో వేసుకుని డ్యూటీకి తీసుకెళ్లి, తిరిగి తెచ్చుకునేంత తేలిగ్గా ఉండాలి. బస్టాండులో మా కౌంటర్ దగ్గర ప్లగ్గు ఎప్పుడు పనిచేస్తుందో ఎప్పుడు చేయదో తెలియదు కాబట్టి చార్జింగ్ నిలవాలి. అక్షరాల మీటలు పెద్దవిగా ఉండాలి. తెలుగు రావాలి. అన్నిటికంటే ముఖ్యం, స్పీకర్ గట్టిగా ఉండాలి. ఈ ఒక్కటీ మరిచిపోకు.

మీ బావ బాగానే ఉన్నారు. స్నానాల గదిలో కుళాయి కారుతోందని ఒక పూటంతా కూర్చుని బాగుచేశారు. ఇప్పుడు కుళాయి కారడం లేదు, గోడ కారుతోంది. మనిషిని పిలుద్దామంటే, "నా చేతిలో పాడైంది, నా చేతిలోనే బాగుపడాలి" అంటారు.

కోడలు పిల్ల ఎలా చదువుతోంది? మరదల్ని అడిగానని చెప్పు. తొందరగా రాయి.

మీ అక్క

*

జూన్ 11

అక్కా,

నీ ఉత్తరం అందింది. ఇంట్లో ఉత్తరం వచ్చిందంటే మీ మరదలు కోర్టు నోటీసేమోనని హడలిపోయింది. విప్పి చూస్తే ల్యాప్‌టాప్! మా అక్కకి ల్యాప్‌టాప్! సీరియళ్లు టీవీలో చాలక ఇందులో కూడా చూస్తావా? చూడు, చూడు. కష్టపడ్డ ప్రాణం.

నీ ఫోన్ పాడైందన్నావు. మరి బావ ఫోన్ బాగానే మోగుతోందే? నువ్వు వద్దన్నా ఆగలేక నిన్న మూడుసార్లు చేశాను. మూడుసార్లూ ఆయనే తీసి, "మీ అక్క స్నానం చేస్తోంది" అన్నారు. గోడ కారుతున్న ఆ గదిలో రోజుకి ఎన్నిసార్లు స్నానం చేస్తున్నావే? ఆయనకి అబద్ధం చెప్పడం రాదు పాపం. నీకు నామీద కోపమా? మా కొత్తింటి భోజనం నాడు నేనేదో అన్నానని ఇంకా మనసులో పెట్టుకున్నావా? మా ప్రిన్సిపాల్ ముందు నువ్వు వంటింట్లోంచి "ఇంకో గరిటె వెయ్యమంటారా!" అని కేకేస్తే ఆయన చేతిలో చెంచా జారి పడింది. "మెల్లగా అక్కా, ఇది బస్టాండు కాదు" అన్నాను. సరదాకే అన్నాను. అందరూ నవ్వారు, నువ్వూ నవ్వావుగా.

సరే, ల్యాప్‌టాప్. చవకవాటిలో మోసం ఎక్కువ. బయటికి మెరుస్తుంది, లోపల ఏమీ ఉండదు. తెరవడానికే ముక్కుతుంది, మూలుగుతుంది. జ్ఞాపకశక్తి, అదే ర్యామ్, ఎనిమిది జీబీకి తగ్గితే కొనకూడదు. లోపల తిరిగే డిస్కు ఉన్న పాత రకం వద్దు. ఇవన్నీ నీకెందుకులే. కొనకు. మా అమ్మాయి పాతది బీరువా మీద ఊరికే పడి ఉంది. దానికి కొత్తది కొన్నాం. పాతది పార్సిల్ చేస్తున్నాను. కొంచెం బరువు. బ్యాటరీ పోయింది, ప్లగ్గులో పెట్టే వాడుకోవాలి. స్పీకర్ కూడా పోయింది. కానీ నీకు స్పీకర్ ఎందుకే తల్లీ? నువ్వే స్పీకర్! ఆ గొంతు ముందు ఏ కంపెనీ స్పీకర్ ఆగుతుంది? "మైకు" అని బస్టాండంతా పిలిచేది ఊరికేనా?

అన్నట్టు ఆ మైకు ఈమధ్య మోగడం లేదు. మౌనవ్రతమైతే మంచిదే. ఊరు కాస్త నిద్రపోతుంది.

నీ చిన్నోడు

*

జూన్ 20

చిన్నోడికి,

పార్సిల్ అందింది. బావ బస్టాండు దగ్గరున్న రిపేరు షాపుకి తీసుకెళ్లారు. స్పీకర్ ఒక్కటీ మారిస్తే చాలదని, లోపల బోర్డే పోయిందని చెప్పారట. పైగా ప్లగ్గు తీయగానే ఆరిపోతోంది. సంచీలో వేసుకుని మెట్లెక్కితే నా భుజం ఊడొచ్చేలా ఉంది.

నేను రాసింది చదవలేదా? తేలిగ్గా ఉండాలన్నాను, చార్జింగ్ నిలవాలన్నాను, స్పీకర్ గట్టిగా ఉండాలన్నాను. ఈ మూడూ లేనిదే వెతికి పంపినట్టున్నావు. తిరిగి పంపిస్తున్నాను. తప్పుగా అనుకోకు. నాకు సీరియళ్ల పిచ్చి లేదు. ఏది కొనాలో ఒక్క ముక్క రాయి చాలు, డబ్బు మేమే పెట్టుకుంటాం. ఈ నెలాఖరులోపు కావాలి. తరవాత వచ్చినా నాకు పనికిరాదు.

అక్క

*

జూన్ 27

అక్కా,

పార్సిల్ వెనక్కి వచ్చింది. గుమ్మంలో నిలబడి సంతకం పెడుతుంటే పక్కింటివాళ్లు చూస్తున్నారు. తల కొట్టేసినట్టయింది. "మనం పాతది పంపామని మీ అక్క మొహానే కొట్టింది" అని మీ మరదలు అన్నం తినలేదు. "అలాంటి మనిషి కాదు" అని నీ తరఫున నేనే వాదించాను. వాదిస్తుంటే నాకే నమ్మకం కలగలేదు.

నిజం చెప్పు. ఆ భోజనం రోజు నుంచి నువ్వు మారిపోయావు. చలికాలంలో ఒకటి రెండుసార్లు ఫోన్లో "జలుబు" అని గురగురమన్నావు. ఆ తరవాత అదీ లేదు. అమ్మాయి పరీక్ష పాసైనప్పుడు మొట్టమొదట నీ ఫోనే వస్తుందని అది చేతిలో ఫోన్ పట్టుకుని కూర్చుంది. నువ్వు చేయలేదు. బావ చేసి, "మీ అత్త సంతోషించింది" అని పెట్టేశారు. మీ అత్త సంతోషిస్తే వీధి చివరికి వినపడుతుంది, ఈయన నోటితో వినాలా?

ఒక్క మాట అన్నాను. తప్పే. పదిమందిలో అన్నాను, అదింకా తప్పు. కానీ ఒక్క మాటకి ఇంత శిక్షా? దేనికీ పిలవవు, రావు, పలకవు. ఉత్తరంలో కూడా అధికారి మెమో ఇచ్చినట్టు రాస్తావు. తిట్టదలుచుకుంటే నోరు తెరిచి తిట్టు, పడతాను. నోట్లో నాలుక లేనట్టు ఈ మూగనోము ఏమిటి? నీకు నోరు లేదంటే నమ్మేవాడు ఈ భూమ్మీద ఉన్నాడా?

నీకు నచ్చిన ల్యాప్‌టాప్ నువ్వే కొనుక్కో. నా సలహా నీకు ఆనదు.

తమ్ముడు

*

జూలై 6

చిన్నోడా,

నీ ఉత్తరం వచ్చాక రెండుసార్లు జవాబు రాసి చింపేశాను. బావ చూసి, "చింపితే అయిపోయేదైతే నేనెప్పుడో చింపేవాణ్ణి. ఇక చెప్పెయ్" అన్నారు. ఆయన్ని తిట్టుకోకు. ఎవరికీ చెప్పనని నామీద ఒట్టు వేయించుకున్నాను.

నాకు గొంతు లేదురా.

కోపం వచ్చి మాట్లాడకపోవడం కాదు. తీసేశారు. చలికాలం నేను గురగురమన్నది జలుబు కాదు. ఎంతకీ తగ్గకపోతే పెద్దాసుపత్రికి వెళ్లాం. గొంతులో గడ్డ, మంచిది కాదన్నారు. మాట పుట్టే చోటే పట్టుకుందట. అది తీసేస్తే ప్రాణం దక్కుతుందన్నారు. తీయించుకున్నాను. ఇప్పుడు మెడ కింద చిన్న రంధ్రం ఉంది. గాలి అందులోంచే. దానిమీద పల్చటి గుడ్డ కట్టుకుంటాను. రోగం మళ్లీ కనపడలేదని ప్రతిసారీ చెబుతున్నారు. కాబట్టి నువ్వు ఏడవాల్సిన పని లేదు.

ఎందుకు చెప్పలేదంటే ఏం చెప్పను? సిగ్గేసింది. రోగానికి సిగ్గేమిటని బావ అంటారు. ఆయనకేం తెలుసు. నేను అందగత్తెను కాదు, చదువుకున్నదాన్ని కాదు. నాకున్నది ఆ గొంతొక్కటే. ఇరవై ఏళ్ల పైబడి విచారణ కౌంటర్లో కూర్చున్నాను. మైకు పాడైన రోజున స్టూలెక్కి కేకేస్తే కదిలిపోతున్న బస్సు ఆగేది. డ్రైవర్లు కిటికీలోంచి తల బయటపెట్టి, "మైకమ్మా, ఆగాంలే!" అనేవాళ్లు. వాళ్ల ముందుకి ఈ మెడగుడ్డతో వెళ్లడమంటే ఒంటిమీద బట్ట లేకుండా వెళ్లినట్టుంది.

ఆసుపత్రిలో గొంతుకి ఆనించి మాట్లాడే పరికరం ఒకటి ఇచ్చారు. డబ్బాలో కందిరీగని పెట్టి మూతేస్తే ఎలా ఉంటుందో అలా వస్తుంది మాట. ఇంట్లో బావకి అర్థమవుతుంది. కౌంటర్లో అద్దం వెనక, ఆ ఇంజన్ల రొదలో, ఎవరికీ అర్థం కాలేదు. ఆపరేషన్ తరవాత తిరిగి డ్యూటీలో చేరిన మొదటిరోజు ఒక పసిపాప ఆ చప్పుడుకి దడుసుకుని ఏడ్చింది. వాళ్లమ్మ దాన్ని గుండెకి హత్తుకుని అవతలి కిటికీకి వెళ్లిపోయింది. ఆ రోజు నుంచి ఆ పరికరం సంచీలోంచి తీయలేదు.

అప్పుడు ఆసుపత్రిలో నర్సు చెప్పింది, మనం తెలుగులో కొడితే ల్యాప్‌టాప్ పైకి చదువుతుందని. ఫోన్ కూడా చదువుతుందట గానీ, ఆ చీమతలలంత అక్షరాలు నా కళ్లకీ ఆనవు, నా వేళ్లకీ అందవు. మా డిపో మేనేజర్ని రాసి అడిగాను. "జూన్ నెలాఖరులోపు ఏదో ఒకటి చేసి కౌంటర్ నడిపించి చూపించండి, లేకపోతే వేరే చోట వేయక తప్పదు" అన్నారు. అందుకురా తేలిగ్గా ఉండాలన్నది. అందుకే స్పీకర్.

నెలాఖరు అయిపోయింది. నన్ను ఇప్పుడు మరిచిపోయిన సామాన్ల గదిలో వేశారు. బస్సుల్లో వదిలేసిన గొడుగులు, అన్నం డబ్బాలు, ఒంటి చెప్పులు. వాటితో మాట్లాడాల్సిన పని లేదు. నేనూ వాటిలో ఒకదాన్నే అనిపిస్తుంది, ఎవరూ వచ్చి అడగని వస్తువు.

భోజనం నాటి మాటకి కోపమా అని అడిగావు. కోపం లేదు. కానీ అబద్ధం చెప్పను. డాక్టర్ "మాట పోతుంది" అన్నప్పుడు నా బుర్రలో మొదట వచ్చింది ఏమిటో తెలుసా? ఇక చిన్నోడికి నన్ను మెల్లగా మాట్లాడమని చెప్పే బాధ తప్పుతుంది అని. ఇది రాయకూడదేమో. రాసేశాను. చింపితే ఈ ఉత్తరం ఎప్పటికీ పోస్టు కాదు.

రాకు. నన్నిలా చూడకు. ఇంకొన్నాళ్లు పోనీ.

అక్క

*

జూలై 12

అక్కా,

ఉత్తరం కాలేజీకి తీసుకెళ్లి చదివాను. ల్యాబ్ వెనక పాత మానిటర్లు పడేసే గది ఉంది, అందులో కూర్చున్నాను. పిల్లలు "సార్, ప్రింటర్ రావడం లేదు" అని తలుపు కొడుతుంటే నోటమాట రాలేదు. ఈ మాట రాస్తుంటేనే చెయ్యి ఆగిపోతోంది. "నోటమాట రాలేదు" అని ఇంత తేలిగ్గా ఎలా రాస్తున్నానో చూడు.

నువ్వే స్పీకర్ అన్నాను. మౌనవ్రతం మంచిదే అన్నాను. నీకు నోరు లేదంటే నమ్మేవాడు లేడన్నాను. ఒక్కొక్కటీ నా చేత్తోనే రాశాను. అవి అక్కడ నీ దగ్గరే ఉంటాయి, వెనక్కి తీసుకోలేను. నేల చీలితే బాగుండును. మీ మరదలికి చదివి వినిపిస్తే చివరిదాకా వినలేక లేచి వెళ్లిపోయింది.

రావద్దన్నావు కాబట్టి రాను. కానీ చేతులు కట్టుకుని కూర్చోలేను. ఈ రోజే మీ డిపో మేనేజర్‌కి ఉత్తరం రాశాను. తప్పంతా నాదేనని, నావల్లే ఆలస్యమైందని, నిన్ను మళ్లీ కౌంటర్లో వేయమని బతిమాలాను. ఆయన మనసున్న మనిషైతే తప్పకుండా కరుగుతారు.

చిన్నోడు

*

జూలై 19

చిన్నోడా,

ఆయన కరిగారు. అదే నా కొంప ముంచింది.

మొన్న టీ వేళకి మేనేజర్ గారు క్యాంటీన్‌కి వచ్చారు. జేబులోంచి నీ ఉత్తరం తీసి అందరి ముందూ చదివారు. మంచి ఉద్దేశంతోనే, అందరూ నాకు సాయపడాలని. "దురదృష్టవంతురాలైన మా అక్క", "ఆమె పాడైపోయిన జీవితం", "మీ కాళ్లు పట్టుకుని వేడుకుంటున్నాను". కండక్టర్లు, మెకానిక్కులు, గేటు మనిషి, అందరూ గ్లాసులు పట్టుకుని నావైపు చూస్తున్నారు. ఒకావిడ వచ్చి నా తల నిమిరింది. ఆవిడ నాకంటే పదిహేనేళ్లు చిన్నది! అప్పటిదాకా నాతో పోట్లాడి మరీ కుర్చీ లాక్కునే కంట్రోలర్ లేచి నిలబడి, "కూర్చో అమ్మా" అన్నాడు. ఆ కుర్చీలో కూర్చోలేను, నిలబడలేను. వద్దని చెప్పడానికి గొంతు లేదు. టీ వదిలేసి గొడుగుల గదిలోకి వెళ్లి తలుపేసుకున్నాను.

పుండు మీద కారం చల్లడమంటే ఇదేరా. నా జీవితం పాడైపోయిందని నీకెవరు చెప్పారు? గొంతు పోయింది. చేతులున్నాయి, బుర్ర ఉంది. ఏ బస్సు ఎప్పుడు, ఏ ప్లాట్‌ఫారం నంబరు దగ్గర అనేది నిద్రలో లేపి అడిగినా తెలుసు. అది నోట్లోంచి కాకుండా ఇంకెక్కణ్ణుంచైనా బయటికి రావాలి, అంతే కదా. నీ మాట నాకు అక్కర్లేదు. నాకు నా మాట కావాలి. నా తరఫున ఇంకెప్పుడూ ఎవరికీ ఏమీ రాయకు.

నేనడిగింది ఒక్కటే. తేలిక. చార్జింగ్. పెద్ద మీటలు. తెలుగు. స్పీకర్. చెప్పగలిగితే చెప్పు. లేకపోతే ఇంకొకరిని అడుక్కుంటాను.

అక్క

*

జూలై 28

అక్కా,

క్షమించమని అడగను. అడిగిన ప్రతిసారీ ఇంకో తప్పు చేస్తున్నాను. పని మాత్రం చేశాను, చదువు.

మొదట మా ఊరి బస్టాండుకి వెళ్లి, విచారణ కిటికీ పక్కన నిలబడి ఆ రొదంతా ఫోన్లో రికార్డు చేశాను. తరవాత షాపులు తిరిగాను. ఒక్కో ల్యాప్‌టాప్ తెరిచి, "మూడో నంబరు దగ్గర ఆగుతుంది" అని కొట్టి, పక్కన ఫోన్లో ఆ రొద పెట్టి, నాలుగడుగులు వెనక్కెళ్లి వినడం. షాపులవాళ్లు నాకు పిచ్చెక్కిందనుకున్నారు. చాలా చవక రకాలకి స్పీకర్ అడుగున ఉంటుంది. బల్లమీద పెడితే సగం మాట బల్లకే చెబుతుంది. ఇన్నేళ్లు వీటి మధ్యే బతుకుతున్నాను, ఒక్కసారీ గమనించలేదు. ఎందుకు గమనిస్తాను, నాకెప్పుడు అవసరమైంది?

ఒక షాపులో ఇంకో పని చేశాను. నీకెలా ఉంటుందో తెలియాలని, నోరు తెరవకుండా కొనాలని చూశాను. నాకు కావలసినవి కాగితం మీద రాసి ఇచ్చాను. కుర్రసేల్స్‌మన్ ఆ కాగితం సరిగ్గా చదవనైనా లేదు. నా ముందే, నాకు చెవుడు కూడా ఉన్నట్టు, వెనక ఉన్నవాడితో అన్నాడు: "మూగాయన. ఆ మూల పడున్న పీసు తగిలించెయ్, మళ్లీ వచ్చి అడగలేడు."

నాకు ఒళ్లు మండిపోయింది. నోరు తెరిచి షాపు అదిరేలా తిట్టాను. వాళ్ల మొహాల్లో కత్తివేటుకి నెత్తురు లేదు. యజమాని వచ్చి చేతులు జోడించాడు. రొమ్ము విరుచుకుని బయటికి వచ్చాను. నాలుగడుగులు వేశాక కాళ్లు ఆగిపోయాయి. నాకు తెరవడానికి నోరుంది, కాబట్టి గెలిచాను. అదే నువ్వైతే ఆ మూల పీసు సంచీలో వేసుకుని ఇంటికి వెళ్లేదానివి. ఇంకో సంగతి కూడా తట్టింది. ఆ మూల పీసు పార్సిల్ చేసి నీకు పంపినవాణ్ణి నేనే. వాడైనా పరాయివాడు.

ఇక అసలు సంగతి. పద్నాలుగు అంగుళాల తెర ఉన్నది తీసుకో. అంతకంటే పెద్దదైతే భుజానికి బరువు, చిన్నదైతే మీటలు ఇరుకు. తెర అద్దంలా మెరవకూడదు, కౌంటర్ లైటు దానిలోనే కనపడి అక్షరాలు కనపడవు. జ్ఞాపకశక్తి ఎనిమిది జీబీ. డిస్కు తిరిగేది కాకుండా ఎస్‌ఎస్‌డీ అని అడుగు. మూత తీయగానే లేస్తుంది, ప్రయాణికుడు కాచుకుని ఉండడు కదా. చార్జింగ్ ఒక డ్యూటీకి సరిపోయేది అడుగు, వాళ్లు చెప్పినదాంట్లో సగమే నమ్ము. స్పీకర్ కోసం పెద్ద ధర పెట్టకు. ఏ చవక ల్యాప్‌టాప్‌కీ నువ్వడిగినంత గొంతు లేదు. పిడికిలంత స్పీకర్ విడిగా దొరుకుతుంది, వైరుతో తగిలించేది. దాన్ని అద్దం కన్నం దగ్గర పెట్టు. రొదలో నాలుగడుగుల దూరం స్పష్టంగా వినపడింది, రెండు చోట్ల చూశాను.

నెట్ ఉంటే పలికే గొంతు బాగుంటుంది. నెట్ లేనప్పుడు పలికేది కాస్త ముక్కుతో మాట్లాడుతుంది. రెండూ పెట్టించుకో. రోజూ చెప్పే మాటలన్నీ ముందే కొట్టి పెట్టుకుంటే, ఒక్కో మీటకి ఒక్కో వాక్యం వచ్చేలా చేయొచ్చు. ఎలాగో వేరే కాగితం మీద బొమ్మలేసి జతచేశాను. మీ ఊళ్లోనే కొను. పాడైతే అక్కడే అడగొచ్చు, నన్ను నమ్ముకోవాల్సిన పని ఉండదు.

మేనేజర్‌కి ఏమీ రాయలేదు. రాయను.

చిన్నోడు

*

ఆగస్టు 24

ఒరేయ్ చిన్నోడా,

ఆలస్యమైంది. నేర్చుకుంటూ కూర్చున్నాను.

నువ్వు చెప్పినట్టే పద్నాలుగు అంగుళాలది కొన్నాం. షాపులో బావ మాట్లాడారు. మాట్లాడారంటే, నీ ఉత్తరంలో ఆ పేరా మీద వేలు పెట్టి, "ఇది" అన్నారు. అంతే. వాళ్లు ఇంకోటి చూపిస్తే మళ్లీ వేలు పెట్టి, "ఇది". నలుగురు మారారు గానీ ఆయన వేలు కదల్లేదు. జన్మలో మొదటిసారి ఆయన తక్కువ మాటలు నాకు పనికొచ్చాయి.

మీటలమీద తెలుగక్షరాలు చిన్న చిన్న కాగితం ముక్కలు కత్తిరించి అంటించుకున్నాను. ఒత్తులు కొట్టడానికి నా ప్రాణం తోకకొచ్చింది. పడుతూ లేస్తూ నేర్చుకున్నాను. మేనేజర్ గారిని మళ్లీ నేనే అడిగాను, ల్యాప్‌టాప్ ఆయన బల్లమీద పెట్టి, దాని గొంతుతోనే. "ఒక పొద్దుటిపూట చూద్దాం" అన్నారు.

పోయిన వారమే ఆ పొద్దుటిపూట. బావని రావద్దంటే వినకుండా ఎదురు బెంచీ మీద పేపరు అడ్డం పెట్టుకుని కూర్చున్నారు. పేపరు తలకిందులుగా ఉంది.

ఏం చెప్పమంటావు! ఆ ల్యాప్‌టాప్‌ది చిన్నపిల్ల గొంతు. మొదట వచ్చిన ముసలాయన, "ఆ అమ్మాయి ఎక్కడుందమ్మా?" అని నా కుర్చీ వెనక వెతికాడు. తరవాత తొందరలో తప్పు మీట నొక్కాను. ఒకాయన మరుగుదొడ్డి ఎటని అడిగితే ల్యాప్‌టాప్ గట్టిగా, "బస్సు వెళ్లిపోయింది. తరవాతిది గంటకి" అంది. లైనంతా గొల్లుమంది. ఆయనా నవ్వాడు గానీ పాపం నవ్వే పరిస్థితిలో లేడు. నాకు మొహం చెల్లలేదు. మెడగుడ్డని చేత్తో అదిమిపట్టుకుని, మూత మూసి లేచిపోదామనే అనుకున్నాను.

సరిగ్గా అప్పుడొచ్చాడొకడు. పెట్టె ఈడ్చుకుంటూ, లైను తోసుకుంటూ. ఏదో ఊరి బస్సు అడిగాడు. ఆ ఊరికి ముందే కొట్టిపెట్టిన వాక్యం లేదు. ఒక్కో అక్షరం వెతుక్కుంటున్నాను. "నోట్లో ఏం పెట్టుకున్నావ్? అడుగుతుంటే వినపడట్లా? మాట్లాడలేవా? జీతమెందుకిస్తున్నారు నీకు?" అని అద్దం మీద కొడుతున్నాడు. బావ పేపరు కింద పెట్టి లేచారు. నేను చెయ్యెత్తి ఆపాను. తల దించుకుని కొడుతూనే ఉన్నాను. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి, వేళ్లు మాత్రం ఆగలేదు. స్పీకర్ చివరంటా పెంచి నొక్కాను.

"గొంతు లేదు. బస్సు ఉంది. నాలుగో నంబరు. కదులుతోంది. పరిగెత్తండి."

పరిగెత్తాడురా! పెట్టె ఒక పక్క, మనిషి ఒక పక్క. నాలుగో నంబరు డ్రైవర్ ఆపి ఎక్కించుకున్నాడు. క్షమాపణ చెప్పడానికి వాడికి టైము లేదు. లైన్లో తరవాత ఉన్నావిడ అద్దం దగ్గరికి వంగి, "నాక్కూడా అలాగే చెప్పమ్మా, మా ఆయన కదలడు" అంది.

నవ్వొచ్చేసింది. చప్పుడు లేని నవ్వు. మెడ దగ్గర గాలి బుస్సుమని గుడ్డ ఎగిరింది. అన్ని నెలలూ అది ఎగరకుండా చేత్తో పట్టుకునేదాన్ని. ఆ రోజు పట్టుకోలేదు. అందరూ చూశారు. చూసి, వాళ్ల బస్సులు వాళ్లు అడిగారు.

పూర్తిగా కౌంటర్ ఇవ్వలేదు. పొద్దుటిపూట కౌంటర్, మధ్యాహ్నం గొడుగులు. రద్దీ వేళల్లో నేను అందుకోలేనని మేనేజర్ అన్నారు. నిజమే, అందుకోలేను. ఇప్పటికీ కొందరు అవతలి కిటికీకి వెళ్లిపోతారు. అప్పుడు లోపల ముడుచుకుపోతాను. అది ఒక్కరోజులో పోయేది కాదు.

ఇంక రావచ్చు నువ్వు. సెలవు చూసుకుని రా. కోడలు పిల్లని, మరదల్ని కూడా తీసుకురా. పార్సిల్ సంగతి మరదలికి నేనే చెప్పుకుంటాను, చిన్నపిల్ల గొంతుతో చెబితే తిట్టలేదులే.

కానీ వచ్చాక నువ్వే మాట్లాడాలి. ఈమధ్య ఇంట్లో ఊరికే కూర్చుని బావ చెప్పేవి వింటున్నాను. ఆయన చాలా తమాషాగా మాట్లాడతారురా, ఇన్నేళ్లూ నాకు తెలియదు. నేను ఆగితే కదా ఆయన మొదలుపెట్టేది! అప్పుడు నువ్వు గుర్తొచ్చావు. చిన్నప్పటినుంచీ నీకు ఆకలైతే నేనే చెప్పాను, నీకు జ్వరమొస్తే నేనే చెప్పాను. చివరికి నీ పెళ్లిమాటల్లో కూడా నువ్వు నోరు తెరవకముందే, "మా వాడికి నచ్చింది!" అని పక్క గదిలోకి వినపడేలా నేనే కేకేశాను. తలుచుకుంటే సిగ్గుతో చచ్చిపోతున్నాను.

అసలు నీకు నచ్చిందా లేదా? వచ్చాక తీరిగ్గా చెప్పు. వింటాను. మరదలు పక్కన లేకుండా చూసుకో.

మీ అక్క